మూడు గొట్టాల సొగసు

ఒకే తుపాకీకి మూడు గొట్టాలు. పైన పక్కపక్కనే రెండు, వాటి కింద ఒదిగి ఇంకొకటి. జర్మన్ వేటగాళ్లు దీన్ని డ్రిల్లింగ్ అంటారు. పిట్ట లేచినా, అడవిపంది ఎదురుపడినా తుపాకీ మార్చే పని లేదు. ఈ వేట ఆయుధం సైన్యంలో చేరింది శత్రువును చంపడానికి కాదు, కూలిన విమానం పక్కన ఒంటరిగా మిగిలినవాణ్ణి బతికించడానికి.

సూల్ పట్టణపు సౌయర్ కంపెనీ 1941-42లో జర్మన్ వైమానిక దళానికి చేసిచ్చిన ఎం30లో పైవి 12 బోరు నున్నటి గొట్టాలు, కిందిది 9.3 మిల్లీమీటర్ల రైఫిల్ గొట్టం. రైఫిల్ కోసం పైనున్న మీటను తోయగానే, అంతదాకా పడుకుని ఉన్న గురిపలక తనంతట తానే లేచి నిలబడుతుంది! ఆ ఒక్క కదలికకే నేను దాసోహం. ఉత్తరాఫ్రికా ఎడారి మీద ఎగిరేవాడికి అల్యూమినియం పెట్టెలో అంత నాణ్యమైన వాల్‌నట్ చెక్క, అంత నునుపు! యుద్ధకాలంలో శుద్ధ దుబారా. ఆ దుబారానే నాకు ముద్దు.

ఇదే అవసరానికి అమెరికన్ వైమానిక దళం వాడిన ఎం6లో ఆ భోగమేమీ లేదు. మడత పెట్టేసే ఇనప వస్తువు, రెండే గొట్టాలు. మందపాటి చేతితొడుగులతో కూడా నొక్కగలిగేలా ట్రిగ్గర్‌కు బదులు పొడవాటి బద్ద పెట్టారు. అందం లేదు, కపటమూ లేదు.

నా మనసు నిలిచేది మాత్రం సోవియట్ టీపీ-82 మీద. 1965 మార్చి 18న అంతరిక్షంలో తొలిసారి నడిచిన లియోనోవ్, మర్నాడు తోటి వ్యోమగామి బెల్యాయెవ్‌తో కలిసి దారితప్పి పెర్మ్ ప్రాంతపు మంచు అడవిలో దిగాడు. రెండు రాత్రులు చలిలో, తోడేళ్లూ ఎలుగులూ తిరిగే చోట. ఆ అనుభవం నుంచి పుట్టిన ఈ తుపాకీ 1986 నుంచి వ్యోమగాములతో పైకి వెళ్లింది. లియోనోవ్ మంచి చిత్రకారుడు కూడా. ఈ రూపం ఆయన గీసింది కాకపోయినా, గీసి ఉండాల్సిందే అనిపిస్తుంది. పొట్టిగా, పిస్తోలు పిడితో, పైన రెండు నున్నటి గొట్టాలు, కింద 5.45 మిల్లీమీటర్ల రైఫిల్. వెనక తగిలించే మడమ ఏమిటనుకున్నారు? గుడ్డ ఒరలో దాగిన మచ్చుకత్తి! భుజానికి ఆనేదీ అదే, కొమ్మలు నరికేదీ అదే. ఎం30 చెక్క కంటికి చేసే విందు కన్నా ఈ పొదుపు ఇచ్చే ఆనందం నాకు గాఢం. లోటు లేదనను. కట్టెలు కొడుతుండగా ఎలుగు వస్తే, మడమ లేకుండానే చేతుల బలం మీద కాల్చాలి.