శూన్యాసనం

ఓ పలనాటి శిలా! కృష్ణవేణి తరగల గాలికి పెరిగిన నీ మేని మీద ఈ థేమ్స్ తీరపు చలి ఎలా వాలిందమ్మా! లండన్ బ్రిటిష్ మ్యూజియంలో, అద్దాల తెర వెనుక, నిన్ను చూశాను. పొంగాలో కుంగాలో తెలియక నిలుచుండిపోయాను.

నీ ఒంటిమీద అమరావతి, ఆనాటి ధాన్యకటకం, ఇంకా ఊపిరి పీలుస్తోంది. పూర్ణఘటాల్లోంచి తామరలు ఉబికి వస్తున్నాయి. పూలదండల బరువుకు భుజాలు వంగుతున్నాయి. రౌతు లేని గుర్రం కపిలవస్తు వాకిలి దాటుతోంది. వెళ్ళేదెవరో పైన పట్టిన గొడుగుకే ఎరుక!

అదిగో ఆ ఫలకం! ఒకవైపు నిండు వైభవంతో మహాచైత్యం. మరోవైపు అంతకు శతాబ్దాల ముందటి చెక్కడం: బోధిచెట్టు నీడన ఖాళీ ఆసనం, పాదముద్రలు, చేతులు మోడ్చిన భక్తులు. బుద్ధుణ్ణి చెక్కకుండానే బుద్ధుణ్ణి చూపించిన ఉలికి ఎన్ని జన్మల పుణ్యమో!

గృహపతులు, భిక్షుణులు దానమిచ్చిన రాళ్ళివి. తోలుపని చేసుకునే ఒకాయన కూడా ఇంటిల్లిపాదితో కలిసి పూర్ణఘట ఫలకం సమర్పించుకున్నాడు. వారి చెమట, వారి మొక్కు, వారి పేరు బ్రాహ్మీ లిపిలో నిలిచాయి.

ఆ మొక్కుల్ని మనమేం చేశాం? 18వ శతాబ్దం చివర కొత్త పట్నం కోసం ఆ మహాచైత్యపు దిబ్బను మనవాళ్ళే తవ్వారు. సున్నపురాయివై పుట్టడమే నీ పాలిటి శాపం. నీ తోబుట్టువులెందరో బట్టీల్లో కాలి గోడలకు పూతయ్యారు. 1816 నుంచి కంపెనీ సర్వేయర్ కాలిన్ మెకంజీ మనుషులు గీసిన బొమ్మల్లో కనిపించే కొన్ని శిల్పాలు నేడు భూమ్మీదే లేవు. 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసు చేర్చాడు. 1859లో నువ్వు ఓడెక్కావు. సముద్రం దాటినా ఆదరణ దొరికిందా? ఫెర్గుసన్ పండితుడి కన్ను పడేదాకా అక్కడా దిక్కులేక పడి ఉన్నావు. రెండు తీరాలకూ పరాయివైన తల్లీ, నీకోసం ఎవరిని నిలదీయను?

నేడు అమరావతి దిబ్బే ఒక శూన్యాసనం. ఆనాటి భక్తుడు ఖాళీ పీఠం ముందు మోకరిల్లాడంటే, అక్కడ లేనిదెవరో అతనికి తెలుసు. మన పిల్లలకు ఆ గడ్డి కప్పిన వలయంలో ఏం లేదో తెలుసా? శిలలు ఇల్లు చేరాలి, చేరేదాకా అడుగుతూనే ఉండాలి. అంతకుముందే, ఏం పోగొట్టుకున్నామో ప్రతి బడిలో చెప్పాలి. లేనిదాన్ని గుర్తుపట్టగల జాతికే దాన్ని తిరిగి అడిగే హక్కుంటుంది.