మోటుపల్లి అభయశాసనం: చెప్పిన మాట, చెప్పని మాట

మోటుపల్లి బాపట్ల జిల్లాలోని తీరగ్రామం, కాకతీయుల కాలంలో పేరున్న రేవు. అక్కడి వీరభద్రాలయ స్తంభంపై గణపతిదేవుడు 1244-45లో చెక్కించిన అభయశాసనం ఉంది. పాఠ్యపుస్తకాలు దీన్ని రాజు ఉదారతకు గుర్తుగా చూపి ముందుకు పోతాయి. అది చాలదు. శాసనమంటే ఒకరు మరొకరిని నమ్మించడానికి రాయించిన మాట. దాన్ని వాదనగా చదివినప్పుడే అసలు చరిత్ర బయటపడుతుంది.

ముందుగా వాదనను ఉన్నదున్నట్టు పట్టుకోవాలి. ఓడలు తుఫానుకు పగిలి ఒడ్డుకు కొట్టుకొస్తే పూర్వరాజులు వాటిలోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు బలవంతంగా లాక్కునేవారని శాసనం అంటుంది. ప్రాణం కన్నా ధనమే మిన్న అనుకుని సముద్రం మీదికి సాహసించే వర్తకులకు తాము దయతోనూ, కీర్తి కోసమూ, ధర్మం కోసమూ సుంకం మినహా మిగిలినదంతా వదిలేస్తున్నామంటుంది. ఎగుమతి దిగుమతులపై సుంకం ముప్పయ్యో వంతు. తర్వాత చందనం, కర్పూరం, ముత్యాలు, మిరియాలు వంటి సరుకుల రేట్లు వస్తాయి.

ఇక వాదన దేనిమీద నిలబడిందో చూడాలి. దయతో వదిలేస్తున్నానని రాజు అంటున్నాడంటే, కొట్టుకొచ్చిన సరుకు తనదేనని ముందే అనుకున్నాడు. ఆ హక్కు ఎక్కడిదో శాసనం చెప్పదు. చెప్పాల్సిన అవసరం ఉందని కూడా తలచదు. రచయిత వాదించకుండా వదిలేసిన చోటే ఆ కాలపు నమ్మకం దొరుకుతుంది. పూర్వరాజుల పేర్లూ లేవు. పేర్లు లేని నింద ఎవరినీ నొప్పించదు, కొత్త ఏలిక మంచితనాన్ని మాత్రం పెంచి చూపుతుంది. 13వ శతాబ్దం తొలి ఏళ్లలో వెలనాటిని గెలిచి తీరానికి వచ్చిన రాజుకు ఆ పోలిక అవసరమే.

వ్యాపార శాసనంలో సూర్యవంశం దాకా పోయే వంశావళి ఎందుకన్నది తప్పక అడగాల్సిన ప్రశ్న. కాకతీయుల శాసనాల్లో చాలావాటిలో ఈ సూర్యవంశ ప్రస్తావన కనిపించదు. దూరదేశాల వర్తకులు నమ్మాల్సిన హామీకి హామీదారు గొప్పతనం పూచీగా నిలిచిందనుకోవడం సబబు.

చివరిగా బయటి ఆధారాలతో సరిచూడాలి. దాదాపు అర్ధశతాబ్దం తర్వాత మార్కోపోలో ఈ రాజ్యపు వజ్రాలనూ సన్నని వస్త్రాలనూ మెచ్చుకున్నాడు. వర్తకం సాగిందనడానికి అది సాక్ష్యమే కానీ, అభయం అమలైందనడానికి కాదు. 1358లో రెడ్డిరాజు అనపోతారెడ్డి ఇదే రేవులో వర్తకులకు మళ్లీ శాసనం వేయించి హామీలివ్వాల్సి వచ్చింది. కాకతీయులు పోయాక గణపతిదేవుడి మాట ఒక్కటే వర్తకులకు ధైర్యమివ్వడానికి సరిపోలేదన్నమాట.