బిగి అంటే ఏమిటి? 6 మిల్లీమీటర్ల వదులు

మన పుస్తక సమీక్షల్లో బాగా అరిగిపోయిన మాట ‘బిగి’. కథనంలో బిగి ఉంది, చివర్లో పట్టు సడలింది, మధ్యలో కాస్త బిగిస్తే బావుండేది అంటుంటాం. ఎంత బిగి ఉంటే అంత మంచి రచన అని మన లెక్క. రాబర్ట్ పిర్సిగ్ ‘జెన్ అండ్ ది ఆర్ట్ ఆఫ్ మోటార్‌సైకిల్ మెయింటెనెన్స్’ (1974) మీద ఉన్న పాత ఫిర్యాదు కూడా ఇదే: రోడ్డు వర్ణనలకీ తత్వ ప్రసంగాలకీ సరిగ్గా అతకలేదని. ఈ ఫిర్యాదుతో నాకు పేచీ ఉంది. అది చెప్పాలంటే ముందు బండి విప్పాలి.

నా దగ్గరున్నది పాత బుల్లెట్ 350. క్యాస్ట్ ఐరన్ ఇంజిన్, నాలుగు గేర్లు, గేరు కుడికాలికి. ఇంజిన్ తిరుగుడుని గేర్‌బాక్స్‌కి అందించే ప్రైమరీ చైనూ, క్లచ్చూ ఎడమవైపు మూత కింద ఆయిల్‌లో ఉంటాయి. ఫుట్‌రెస్టూ, బ్రేక్ పెడలూ తీసి, కింద ట్రే పెట్టి, మధ్యలో ఉన్న ఒకే ఒక్క నట్టు విప్పితే మూత చేతికొస్తుంది. తర్వాత ఆల్టర్నేటర్, క్లచ్ స్ప్రింగులు, ప్లేట్లు. చైనుకి విప్పే లింకు ఉండదు. అందుకని ఇంజిన్ స్ప్రాకెట్‌నీ క్లచ్ డ్రమ్‌నీ కొంచెం కొంచెంగా జరుపుతూ, చైనుతో సహా కలిపే లాగాలి.

బిగించడం అంటే విప్పిన వరసని తిరగెయ్యడమే అని మాన్యువల్స్ ఒక్క ముక్కలో తేల్చేస్తాయి. నిజానికి అసలు పని అక్కడే మొదలవుతుంది. రోటర్‌కీ స్టేటర్‌కీ మధ్య చుట్టూ సమానంగా ఖాళీ ఉందో లేదో ఫీలర్ గేజ్‌తో చూడాలి. చైను మధ్యలో దాదాపు 6 మిల్లీమీటర్లు కిందికీ పైకీ ఆడాలి. ఇంజిన్ వేడెక్కితే లోహం సాగుతుంది, అప్పటికి ఆ వదులు కావాలి. పైగా చైను అంతటా ఒకేలా అరగదు. ఇంజిన్ తిప్పుతూ ఎక్కడ బాగా బిగుసుకుందో వెతికి, అక్కడ ఆ వదులు ఉండేలా టెన్షనర్ సర్దాలి. వదులుగా ఉన్నచోట కొలిచి సరిపెట్టేస్తే, బిగుసుకున్న చోట చైను ఏడుస్తుంది, బేరింగుల్ని తినేస్తుంది. ఇక క్లచ్ సంగతి చెప్పక్కర్లేదు. వదలడం కూడా దాని పనే. ట్రాఫిక్‌లో హాఫ్ క్లచ్ మీద బతికే మనకి ఆ విషయం పాదాలకంటే వేళ్ళకే బాగా తెలుసు. మా ఆఫీసులో కూడా ‘టైట్ కప్లింగ్’ అనేది మెచ్చుకోలు కాదు, తిట్టు.

ఇప్పుడు పిర్సిగ్ దగ్గరికి రండి. 1968లో 11 ఏళ్ళ కొడుకు క్రిస్‌ని వెనక కూర్చోబెట్టుకుని మినియాపొలిస్ నుంచి కాలిఫోర్నియా దాకా చేసిన ప్రయాణం అది. తర్కమనే కత్తితో బండిని భాగాలుగా కోసి చూపిస్తాడు. ఆ వర్ణనలో చూసేవాడే కనపడడని తనే ఒప్పుకుంటాడు. ఆ వెంటనే గాలి, గడ్డి మైదానాలు, చలి, కడుపునొప్పి అంటున్న పిల్లాడు. ప్రసంగాన్ని వీటితో అతికించే ప్రయత్నం పెద్దగా చెయ్యడు. నాకు ఆ ఎడమే ఈ పుస్తకానికి ఉండాల్సిన 6 మిల్లీమీటర్లు. అది లేకపోతే పిల్లాడు కూడా సిద్ధాంతానికి ఒక ఉదాహరణ అయిపోయేవాడు.

ఈ పుస్తకంలో నిజమైన లోపం దీనికి సరిగ్గా ఎదురుగా ఉంది. షికాగో యూనివర్సిటీలో ప్లేటోతో, అరిస్టాటిల్‌తో తలపడే పేజీల్లో వాదం ఎక్కడా ఆడదు. ప్రతి మెట్టూ ముందు మెట్టుకి బిర్రుగా కట్టి ఉంటుంది, ఒక్క అనుమానానికి చోటుండదు. మనం సాధారణంగా ‘బిగి’ అని మెచ్చుకునేది అక్కడే ఎక్కువ. నాకు చైను ఏడుపు వినపడేదీ అక్కడే.

చివర్లో హెల్మెట్లు తీసేస్తారు. అంతదాకా నాన్న వీపు తప్ప ఏమీ చూడని క్రిస్ ఫుట్‌పెగ్స్ మీద లేచి నిలబడి, భుజాల మీదుగా రోడ్డు చూస్తాడు. తత్వం దీన్ని నిరూపించదు, దీనికి దారి వదులుతుంది. ఎడిటింగ్ పేరుతో కొత్త రచయితల కథల్లోంచి మనం ముందుగా కోసేసేది ఇలాంటి చోట్లనే. ఈసారి ఎవరైనా కథలో పట్టు సడలిందంటే, ఎక్కడ కొలిచారో అడగండి.