రెండు చేతులూ చాపి

అమ్మకి రేడియేషన్ నడుస్తున్న చలికాలం అది. తెనాలి నుంచి తీసుకొచ్చి ఢిల్లీ ద్వారకాలో మా ఇంట్లో ఉంచుకుని, రోజూ ఆసుపత్రికి తిప్పేదాన్ని. మొత్తం 30 సిట్టింగులు. ఒక సాయంత్రం ఆమెని ఇంట్లో దిగబెట్టి, ఎటు వెళ్లాలో తోచక మెట్రో ఎక్కి పటేల్ చౌక్‌లో దిగి, బంగ్లా సాహిబ్ గురుద్వారాకి నడిచాను. పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు.

అక్కడ అందరికీ ఉచితంగా పెట్టే భోజనం, లంగర్‌లో, బంతిలో కూర్చున్నాను. రొట్టె వస్తే కుడిచెయ్యి చాపాను. వడ్డించే పెద్దాయన ఆగి, "దోనో హాథ్, బేటా" అన్నారు. రెండు చేతులూ కలిపి చాపితే, వేడి రొట్టె అరచేతుల్లో పెట్టారు. ఆయన వేళ్లు చలికి పగిలి ఉన్నాయి. నెలరోజులుగా నా చేతుల్లో ఫైళ్లు, మందుల సంచీ తప్ప ఏమీ లేవు. అక్కడే ఏడ్చేశాను.

ఆ చోటు ఒకప్పుడు రాజా జైసింగ్ బంగళా. 1664లో ఢిల్లీలో కలరా, మశూచి ప్రబలినప్పుడు ఎనిమిదో గురువు హర్ కిషన్ అక్కడి బావినీళ్లు రోగులకి అందించారని సిక్కులు చెప్పుకుంటారు. ఆ ఏడే, ఎనిమిదేళ్లు నిండకుండానే, మశూచితోనే పోయారు. 2021 వేసవిలో కోవిడ్‌తో ఊపిరాడని ఢిల్లీకి, ఘజియాబాద్ ఇందిరాపురం గురుద్వారా రోడ్డు మీద కార్లలోనే ఆక్సిజన్ పెట్టింది. దానికీ లంగర్ అనే పేరు.

కష్టం ఏదో నేర్పుతుంది, దానికీ దణ్ణం పెట్టుకోమని చాలామంది చెప్పారు. నా వల్ల కాలేదు, ఇప్పటికీ కాదు. అమ్మ గొంతు మండి మంచినీళ్లు దిగని రాత్రికి నేనెందుకు దణ్ణం పెట్టాలి? ఆ రాత్రి గ్లాసు పట్టుకున్న పక్కింటావిడకి మాత్రం పెడతాను.

మా ఇంట్లో 'ధన్యవాదాలు' అని ఎవరూ అనగా వినలేదు. "నీ కడుపు చల్లగుండ" అనేది నాయనమ్మ. అమ్మకి హిందీ రాదు. వీల్‌చైర్ తోసే కుర్రాడికీ, ఆటో మెల్లగా నడిపినాయనకీ "చల్లగా ఉండు నాయనా" అని తెలుగులోనే చెప్పేది. వాళ్లు తల వంచేవాళ్లు.

గురుద్వారాకి వెళ్లొచ్చిన రాత్రి నుంచి ఖర్చుల నోటుపుస్తకంలో ఎడమపేజీ ఆటోకీ మందులకీ ఉంచి, కుడిపేజీలో అమ్మ ఆరోజు ఎవరిని చల్లగా ఉండమందో రాశాను. పేర్లు తెలియవు. 'లిఫ్ట్ ఆపిన నర్సు.' 'కుర్చీ ఇచ్చిన బీహారీ పెద్దాయన, భార్యకి కీమో.' కొన్ని రోజులు కుడిపేజీ ఖాళీ. అలాగే వదిలేశాను, బలవంతాన నింపలేదు.

ఆఖరి సిట్టింగయ్యాక అమ్మని గురుద్వారాకి తీసుకెళ్లాను. రెండు చేతులూ చాపమని ఆమెకి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. పప్పులో నానబెట్టి ఒక్క ముక్క తినగలిగింది.

ఇప్పుడు తెనాలిలో ఉంది. నిన్న ఫోన్లో, "ఆ పెద్దాయన చేతులు తగ్గాయా?" అని అడిగింది. ఆదివారం వెళ్లి చూసొస్తానన్నాను. కొబ్బరినూనె సీసా పట్టుకెళ్లమంది.