పాత సూటును ఎప్పుడు బాగుచేయించాలి?

పెళ్లి రిసెప్షన్‌కు సూటు కుట్టించుకున్న తరం మన ఇళ్లలో ఇంకా ఉంది. ఆ సూటు మాత్రం బీరువా అడుగున కలరా ఉండల వాసనతో పడి ఉంటుంది. బయటికి తీస్తే మోచేతుల దగ్గర మెరుపు, చంకలో చిరిగిన లైనింగ్, జేబు పక్కన చిమ్మెట కొట్టిన రంధ్రాలు. వాటిని చూసే చాలామంది పారేద్దామని తేల్చేస్తారు. ఆ తొందర కూడదు. కంటికి కనపడే దెబ్బల్లో చాలావరకు బాగయ్యేవే. కోటు నిలుస్తుందో లేదో చెప్పేది పైగుడ్డకూ లైనింగ్‌కూ మధ్య దాగిన పొర.

చేత్తో కుట్టిన మంచి కోటులో ఆ పొర కాన్వాసు. నూలు లేదా నార పడుగులో గుర్రపు వెంట్రుకలు పేకగా వేసి నేసిన బట్టను ఛాతీ భాగంలో వాడతారు. దర్జీ దాన్ని జిగురుతో అంటించడు, వదులు కుట్లతో పట్టిస్తాడు. లాపెల్‌ను వేళ్ల మీద వంచి పట్టుకుని, ఆ వంపు చెదరకుండా వందలకొద్దీ చిన్న కుట్లు వేస్తాడు. అందుకే మంచి లాపెల్ ఇస్త్రీ మడతలా అణిగిపోకుండా మెత్తగా వాలుతుంది. వాడేకొద్దీ కాన్వాసు వేసుకున్న మనిషి ఛాతీ తీరుకు ఒదుగుతుంది కూడా. లండన్‌లోని సావిల్ రో దర్జీల సంఘం ఒక్కో సూటుకు కనీసం 50 గంటల చేతిపని ఉండాలని నియమం పెట్టుకుంది. ఆ శ్రమలో బయటికి కనపడేది కొంతే.

1960ల తర్వాత రెడీమేడ్ కోట్లలో వేడికి అతుక్కునే జిగురు బక్రం బాగా వ్యాపించింది. ధర తగ్గింది, పని సులువైంది. కానీ కొన్నేళ్ల వాడకం తర్వాత, డ్రైక్లీనింగ్ వేడికి జిగురు విడిచిపోతే ఛాతీ మీద బొబ్బలు లేస్తాయి. వాటిని సరిగా అణచే ఉపాయం లేదు. అలాంటి కోటు మీద డబ్బు పెట్టవద్దనే నేను చెబుతాను. మీ కోటులో ఏముందో తెలుసుకోవడం తేలికే. కింది కాజా దగ్గర పైగుడ్డను ఒక చేత్తో, లోపలి గుడ్డను ఇంకో చేత్తో వేళ్ల మధ్య పట్టి దూరంగా లాగండి. మధ్యలో మూడో పొర విడిగా కదులుతూ వేళ్లకు తగిలితే అది కాన్వాసు.

తర్వాత గుడ్డ. పాత ఇంగ్లీషు ఉన్ని సూటింగు గజానికి 16 ఔన్సులు తూగడం మామూలే. ఇప్పటి సూటింగు చాలావరకు అందులో సగం, ఇంకాస్త ఎక్కువ. ఆ బరువైన గుడ్డ దశాబ్దాలు తట్టుకుంటుంది. మోచేతులనూ ప్యాంటు కూర్చునే చోటునూ వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. జల్లెడలా కనిపిస్తే ఏ సూదీ అక్కడ నిలవదు, ఎందుకంటే కొత్త పోగును పట్టుకునే పాత పోగే లేదు. మెరుపు సంగతి వేరు. ఇస్త్రీకి అణిగిన ఉన్నైతే ఆవిరి పట్టి బ్రష్ చేస్తే చాలావరకు లేస్తుంది, అరిగిన ఉన్నైతే లేవదు. గుడ్డ ఏమిటో అనుమానమైతే లోపలి కుట్టు నుంచి ఒక పోగు తీసి కాల్చండి. ఉన్ని కాలిన వెంట్రుక వాసన వేసి బూడిదవుతుంది, పాలిస్టరు కరిగి గట్టి పూసలా మిగులుతుంది.

చిమ్మెట రంధ్రాలకు రఫ్ఫు ఉంది. నాకు ఈ పనంటే చాలా గౌరవం. ఉత్తరప్రదేశ్‌లోని నజీబాబాద్‌లో తరతరాలుగా కశ్మీరు శాలువలను రఫ్ఫు చేస్తున్న కుటుంబాలున్నాయి. సూటుకూ పద్ధతి అదే. కుట్టు లోపల దాగిన గుడ్డ నుంచి పోగులు తీసి, సన్నని సూదితో ముందు పడుగు, తర్వాత పేక నింపుతారు. గుడ్డలో ఏటవాలు గీతలుంటే ప్రతి పోగూ ఆ వరస తప్పకుండా సాగాలి. పోగు అదే సూటుది కాబట్టి రంగు కలుస్తుంది. మంచి చేయి పడితే రంధ్రం ఎక్కడుందో యజమానికే వెతుక్కోవాల్సి వస్తుంది. రంధ్రాలు నాలుగైదైతే చేయించవచ్చు, కోటు నిండా ఉంటే ఆ కూలికి కొత్త సూటే వస్తుంది.

రఫ్ఫుకు ముందే పురుగును వదిలించాలి. ఎగిరే చిమ్మెట బట్టను తినదు, తినేది దాని పిల్ల పురుగు. చెమట, అన్నం మరకలున్న ఉన్ని దానికి మరీ ఇష్టం. అందుకే ముందు శుభ్రం చేయించి, గాలి చొరకుండా కట్టి, −18 డిగ్రీల ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచాలి.

లైనింగ్ చిరిగిందని దిగులు వద్దు, మొత్తం మార్చేయవచ్చు. నడుము, చేతుల పొడవు కూడా సవరించవచ్చు. పాత దర్జీలు కుట్లలో గుడ్డ ధారాళంగా వదిలేవారు కాబట్టి వదులు చేయడానికీ వీలుంటుంది. భుజం మాత్రం కుదిరి తీరాలి. భుజం మార్చాలంటే చేతులు విప్పి, కాలరు ఎత్తి, కోటును సగం కొత్తగా కుట్టినట్టే. నాన్న కోటు కొడుకు భుజాలకు సరిపోకపోతే, ఎంత గొప్ప గుడ్డైనా దానికి ఖర్చు పెట్టేముందు బాగా ఆలోచించాలి.

కాన్వాసు, గుడ్డ, భుజం, ఈ మూడూ కుదిరితే, సూటు ఖరీదుకు మించి ఖర్చయినా నేను వెనకాడను. అయితే లైనింగ్ కింది అంచు కాస్త విప్పి లోపల చూశాకే ధర చెప్పే దర్జీ దగ్గరికి వెళ్లండి.