కదలని బల్ల

నేరేడ్‌మెట్, సైనిక్‌పురి వైపు మిలిటరీలో పనిచేసి రిటైరైనవాళ్ల ఇళ్లు చాలా ఉన్నాయి. అలాంటి ఇంట్లో, కారు షెడ్డులో ఓ పక్కన చెక్కపని మొదలుపెట్టాలంటే రంపం, ఉలి కన్నా ముందు కావలసింది గట్టి బల్ల. దాన్ని తయారుచేసే వడ్రంగి పని చూసి తీరాలి. కూల్చిన పాత ఇంటి టేకు దూలమైతే ఆయనకు మహా ఇష్టం. ఏళ్ల తరబడి ఆరిన కర్ర, ఇక అంత తేలిగ్గా వంకర పోదు. చిత్రిక పట్టేముందు నార ఎటు సాగుతోందో వేలితో తడిమి చూస్తాడు. ఎదురు పడితే పొరలు లేచిపోతాయి మరి. పైచెక్క రెండు చివర్లా రెండు తిన్నని బద్దలు అడ్డంగా పెట్టి, ఒక కన్ను మూసి, వంగి చూస్తాడు. ఒక బద్ద అంచు రెండోదానితో కలవకపోతే చెక్క మెలి తిరిగినట్టే. ఎత్తిన మూల మీద మళ్లీ చిత్రిక ఆడుతుంది. కాళ్లకు బెజ్జాలు తొలిచి అడ్డపట్టీలు దిగగొడతాడు. చేత్తో నెడితే దిగకూడదు, సుత్తి దెబ్బకు చీలకూడదు. నాకు అన్నిటికన్నా నచ్చేది ఎత్తు చూసే తీరు. పనిచేయబోయే మనిషిని నిలబెట్టి, చేతులు వేలాడదీయమని, మణికట్టు దగ్గర గుర్తు పెడతాడు. ఆ ఎత్తులో చిత్రిక తోస్తే భుజాలే కాదు, ఒళ్లంతా సాయం వస్తుంది. వానల్లో చెక్క అడ్డంగా ఉబ్బుతుందని, పైచెక్క బిగించే స్క్రూ రంధ్రాలను కాస్త పొడుగ్గా చేస్తాడు. అలాంటి బల్ల మీద రంపం లాగితే చెక్క జారదు, గీసిన గీత తప్పదు, కొత్తగా నేర్చుకునే చేతికి ధైర్యం వస్తుంది.