లేవలేదా, కనబడలేదా?

"డిస్‌ప్లే రావట్లేదన్నా, గ్రాఫిక్స్ కార్డు పోయినట్టుంది." కంప్యూటర్లు బాగుచేసేవాళ్ల దగ్గరికి కేసు ఇలా తీర్పుతో సహా వస్తుంది. క్యాబినెట్‌ను రెండు చేతులా మోసుకొచ్చిన కుర్రాడి ముఖంలో అప్పటికే కొత్త కార్డు ధర కనబడుతుంటుంది. ఖరీదైన వస్తువు మీదికే అనుమానం ముందు పోతుంది మరి. నేను మాత్రం కార్డు జోలికి పోకుండా మెషిన్ ఆన్ చేసి, కాసేపు ఆగి, కీబోర్డు మీద క్యాప్స్ లాక్ నొక్కుతాను. దాని లైటు వెలిగి ఆరుతోందంటే లోపల మెషిన్ లేచే ఉందన్నమాట. మనకు చూపించడం లేదంతే. లైటు ఉలకదు పలకదంటే మెషిన్ లేవనేలేదు, లేదా దారిలో ఎక్కడో ఆగిపోయింది. రెండూ వేర్వేరు జబ్బులు. ఒకదానికి చేయాల్సిన వైద్యం రెండోదానికి చేసుకుంటూ జనం పోగొట్టుకునే డబ్బు తక్కువేం కాదు.

లేవని సంగతి ముందు చూద్దాం. బటన్ నొక్కగానే బోర్డు తనని తాను పరీక్షించుకుంటుంది. 1981లో ఐబీఎమ్ పీసీ వచ్చినప్పటి నుంచీ ఉన్న అలవాటే ఇది. ప్రాసెసర్ ఉందా, ర్యామ్ పలుకుతోందా, బొమ్మ చూపించే కార్డు దొరికిందా అని వరసగా చూసుకుంటుంది. తెర ఇంకా వెలగలేదు కనుక తప్పును తెర మీద చెప్పే వీల్లేదు. అందుకే చిన్న స్పీకరు పెట్టి కూతలతో చెప్పించారు. అవార్డ్ బయోస్‌లో ఒక పొడుగు కూత, రెండు పొట్టి కూతలు వినబడితే డిస్‌ప్లే దగ్గర తేడా. ఏఎమ్‌ఐ బయోస్ అయితే డిస్‌ప్లే మెమరీ తప్పును ఎనిమిది పొట్టి కూతలతో చెప్పేది. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో మనమంతా సీటీసీ అని పిలుచుకునే చెనాయ్ ట్రేడ్ సెంటర్లో పాతకాపులకు ఈ కూతలు కంఠతా వచ్చు. ఇప్పటి క్యాబినెట్లలో చాలావాటికి ఆ స్పీకరే లేదు. బదులుగా చాలా బోర్డుల అంచున నాలుగు బుల్లి లైట్లు ఉంటున్నాయి: సీపీయూ, డ్రామ్, వీజీఏ, బూట్. పరీక్ష ఎక్కడ ఆగిందో ఆ లైటు వెలుగుతూ ఉండిపోతుంది. పక్కకు గాజు తలుపు పెట్టించి, లోపల రంగురంగుల దీపాలు తిప్పించుకునే కుర్రాళ్లు పనికొచ్చే ఈ ఒక్క దీపాన్ని మాత్రం చూడరు!

వీజీఏ లైటు వెలిగినంత మాత్రాన కార్డు చచ్చిపోయిందని కాదు. స్లాట్ నుంచి కార్డుకు అందే కరెంటు 75 వాట్లకు మించదు. అంతకంటే ఎక్కువ తినే కార్డులకు ఎస్‌ఎమ్‌పీఎస్ నుంచి విడిగా వైరు రావాలి. ఆరు పిన్నుల వైరైతే ఇంకో 75, ఎనిమిది పిన్నులదైతే 150 వాట్లు. దుమ్ము దులపడానికని విప్పి మళ్లీ బిగించేటప్పుడు ఈ వైరు మర్చిపోయినవాళ్లు, సగమే గుచ్చినవాళ్లు బోలెడుమంది. కార్డు స్లాట్‌లో ఒక పక్కకు వాలి ఉన్నా ఇదే లైటు వెలుగుతుంది. ఇప్పటి కార్డులు ఇటుకంత బరువున్నాయి, వాలక ఏం చేస్తాయి?

రబ్బరు వైద్యం గురించి వాదులాట ఎప్పటికీ తెగదు. ర్యామ్ తీసి, దాని పసుపుపచ్చ అంచును పెన్సిల్ రబ్బరుతో రుద్ది పెడితే మెషిన్ లేవడం మన దగ్గర రోజూ జరిగేదే. గరుకు రబ్బరు పైపూత తినేస్తుందని పెద్దలు తిట్టడంలోనూ న్యాయం ఉంది. నేను మెత్తని తెల్ల రబ్బరే, అదీ నెమ్మదిగా వాడతాను. ఆ పొట్టు స్లాట్‌లో పడనివ్వను. చాలాసార్లు పనిచేసేది రబ్బరు కాదు, తీసి సరిగ్గా పెట్టడం.

కొత్తగా వచ్చిన ఇంకో భయం ఉంది. డీడీఆర్5 ర్యామ్ వేసిన బోర్డులు మొదటిసారి ఆన్ చేసినప్పుడు ఆ ర్యామ్‌తో సర్దుకోవడానికి కొన్ని నిమిషాలు తీసుకుంటాయి. తెర నల్లగానే ఉంటుంది. కంగారుపడి మధ్యలో ఆపేస్తే ఆ పని మళ్లీ మొదటికొస్తుంది.

ఇక లేచినా కనబడని సంగతి. ఇందులో సగం కేసులు కేబులువే. క్యాబినెట్ వెనక పైన బోర్డుదొక హెచ్‌డీఎమ్‌ఐ పోర్టు, కింద కార్డుదొకటి ఉంటాయి. చెయ్యి పైదాని మీదికే పోతుంది. ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ ఉన్న ఇంటెల్‌దైతే అందులో గ్రాఫిక్సే ఉండవు, ఆ పోర్టు ఉత్త అలంకారం. మానిటర్ 'నో సిగ్నల్' అంటుంది, కార్డు మీద నింద పడుతుంది. కంపెనీ గుర్తు కనబడి ఆ తర్వాత తెర చీకటైపోతే కార్డు బతికే ఉన్నట్టు లెక్క. అప్పుడు డ్రైవర్‌నో, మానిటర్ మోయలేని రిఫ్రెష్ రేటునో అనుమానించాలి. విండోస్ కీ, కంట్రోల్, షిఫ్ట్, బి నాలుగూ కలిపి నొక్కితే డ్రైవర్ తిరిగి మొదలవుతుంది. ఒక్కోసారి అంతటితోనే తెర వెలుగుతుంది.

ఈ పనిలో నాకు బాగా ఇష్టమైన కేసులు వేరే ఉన్నాయి. కార్డూ మంచిదే, మానిటరూ మంచిదే, రెండింటికీ పొత్తు కుదరదు. డిస్‌ప్లేపోర్ట్ కేబులులో ఇరవయ్యో పిన్ను కరెంటుది. రెండు పరికరాల్నీ కలిపే కేబులులో ఆ పిన్నుకు వైరు వేయకూడదని నియమం. చవకరకం కేబుళ్లలో వేసేస్తారు. అప్పుడు మానిటర్ కరెంటు వెనక్కి పారి కార్డులోకి చేరుతుంది, కంప్యూటరే లేవనని మొరాయిస్తుంది. మానిటర్ కేబులు పీకేస్తే చక్కగా లేస్తుంది! ఎన్విడియా పాత కార్డుల్లో కొన్నిటికి డిస్‌ప్లేపోర్ట్ 1.3, 1.4 మానిటర్లు తగిలిస్తే విండోస్ వచ్చేదాకా తెర నల్లగా ఉండేది. దానికి 2018లో కంపెనీయే ఫర్మ్‌వేర్ మందు ఇచ్చింది.

వీటన్నిటికీ నా పద్ధతి ఒకటే, తీసేస్తూ పోవడం. ఒక్క ర్యామ్ ఉంచుతాను. ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ ఉంటే కార్డునే పక్కన పెట్టి బోర్డు పోర్టుకు తగిలిస్తాను. ఒకసారికి ఒక్క మార్పే. రెండు కలిపి చేసి మెషిన్ లేస్తే సంతోషమే గాని తప్పు ఎక్కడుందో తెలియదు, నాలుగు రోజులకు అదే క్యాబినెట్ మళ్లీ గుమ్మంలో ఉంటుంది.

ఎవరైనా కార్డు పోయిందని చెబితే, దాన్ని వాళ్ల దగ్గర నడుస్తున్న మరో మెషిన్‌లో పెట్టి చూపించమనండి. కొద్ది నిమిషాల పని. అక్కడా తెర నల్లగానే ఉంటే అప్పుడు వారంటీ బిల్లు వెతకండి. బిల్లు మీది సీరియల్ నంబరు, కార్డు వెనక స్టిక్కర్ మీది నంబరు ఒకటేనా అని చూసుకుని, ఫోటో తీసి పెట్టుకుని మరీ పంపండి.